ఐదుగురు వీవర్లు

మనామాల, బాబ్ అల్ బహ్రెయిన్ వెనక సందు.
కప్పులు, షీల్డులు, ఇత్తడి పేర్లు చెక్కే దుకాణం.
ఏసీ నీళ్లు కారే బకెట్ పక్కన నా మిషన్.
బుధవారం జుఫైర్ హోటల్ నుంచి ఆర్డరొచ్చింది:
అమెరికా పెద్దమనుషుల విందు,
బల్లల మీద నిలబెట్టే పలకలు నలభై.
అందుల ఐదు వీవర్లు.

ఒకాయన సెనేటర్. ఒకాయన గవర్నర్ గిరీ చేసి దిగిపోయిండు.
ఒకామె మేయరు. ఒకాయన జడ్జి.
ఐదో ఆయన షెరీఫ్.
మా మెస్సుల రొట్టెలు కాల్చే షరీఫ్ యాదికొచ్చి నవ్విన.
తంగచ్చన్ నవ్వలే.
"అక్షరం చూసుకో. ఆర్. వీవర్ కుర్చీల
టి. వీవర్ కూసుంటే నా దుకాణం మూతబడ్తది."

"అన్నదమ్ములా?" అన్న.
"కాదు. ఇద్దరిది ఒక పార్టీ, ఇద్దరిది ఇంకోటి,
జడ్జిది ఎవలకూ చెప్పడట."
"పాలోళ్లా మరి? ఒకరు పోతే ఇంకొకరికి మైలుంటదా?"
మైల అంటే ఆ మలయాళీకి సమజ్ కాలే.
"ఆ పేరు కనబడితే జనం కండ్లు మూసుకొని గుద్దుతరట," అన్నడు.

గది మాత్రం నాకు సమజైంది.
మా వార్డుల ఓసారి కుసుమ రాజలింగం మీద
ఇంకో కుసుమ రాజలింగాన్ని నిలబెట్టిన్రు,
బీడీకి గతిలేనోన్ని.
మున్నూట పన్నెండు ఓట్లు పడ్డయి వానికి.
అసలాయన ఓడింది నూట నలభైతోని.
నకిలీ రాజలింగం ఇప్పటికీ అడుగుతుంటడు,
నన్ను నమ్మిన ఆ మున్నూట పన్నెండు మంది ఎవలు అని.

రెండో పలక మీదుండంగ అడిగిన, వీవర్ అంటే ఏందని.
ఫోన్ల చూసి చెప్పిండు: "బట్ట నేసేటోడు."
మిషన్ ఆపిన.
ముంజేతి వెంట్రుకల మీద ఇత్తడి పొడి,
పసుపు రాసినట్టు.
ఐదుగురు సాలోల్లు!
ఒక్కలన్న కండె చుట్టి ఉండరు.
ఒక్కల వేలికన్న పోగు కోసిన గీత ఉండదు.
ఏ ముత్తాత మగ్గమో ఎన్నడో పొయ్యిల పడ్డది,
పేరొక్కటే కుర్చీ ఎక్కింది.
ఇంటిపేరు కస్తూరివారు అంటరు గద,
మిగిలింది మీకు తెలుసు.

మరి నేను?
సిరిసిల్లల పదకొండేండ్లు సాంచాలు నడిపిన.
నా ఇంటిపేరు ఆడెపు. అర్థం మా నాయినకూ తెల్వదు.
పాస్‌పోర్టుల ముందు పడ్డందుకు ఈడ అదే నా పేరు.
"అదీపు, చాయ్." "అదీపు, కార్టన్."
పనులు వేరైనా పంపిన కంపెనీ ఒకటే,
హిద్ క్యాంపుల మేం నలుగురం అదీపులం.

పోయిన రంజాన్ల,
బస్సు లైన్ల నిలబడ్డ చోటనే ఒరిగిండు ఆడెపు నర్సింలు,
నూనె ట్యాంకులు కడిగేటోడు.
ఆఫీసోల్లు కార్డు మీది మొదటి పేరు చూసి
ఫోన్ కొట్టిన్రు, మా ఇంటికి.
గంటా ఇరవై నిమిషాలు చచ్చిపోయి ఉన్న నేను.
ఆ టైంల ఏదో క్రికెట్ కప్పు మీద
రెండో బహుమతి అని చెక్కుతున్న.
నా గొంతు విన్నంక లలిత ఏడ్వలే.
"ఈ ఏడుపు ఎవలింటికి పోవాలె, చెప్పు," అన్నది.
నంబరు నేనే దేవులాడి ఇచ్చిన.

నర్సింలు నాకు పాలోడో కాదో.
గోత్రం అడిగేటంత తీరిక ఇద్దరికీ ఎన్నడూ కుదరలే.
అయినా పదొద్దులు గడ్డం గియ్యలే.
తంగచ్చన్ ఎందుకని అడిగితే
"ఇంటిపేరు," అన్న.

శనివారం ఒక పలక వాపస్ వచ్చింది.
షెరీఫ్ రాలేదట.
తుక్కు డబ్బాల ఏసిండు తంగచ్చన్, నేను తీసుకున్న.
క్యాంపుల మా మంచం కాలొకటి పొట్టి.
పేరు నేల దిక్కు పెట్టి, దాని కింద జొనిపిన.

నడిరాత్రి పై మంచం మీది ఆడెపు కనకయ్య వొరిగి,
"ఊగుతలేదేంరా, ఏం పెట్టినవ్?" అన్నడు.

"సాలోన్ని," అన్న.